నిమ్మకాయ పిండకు

రేపు వీగో నుంచి కొనేవాళ్ళొస్తారు.
ఇవాళే తేల్చాలన్నావు, ఎలాదియో,
సీసా వెనక ఏం రాయాలో,
పక్కన ఏం వడ్డించాలో.

జ్వరం నీ ముక్కును ఎత్తుకుపోయి ఇది పదమూడో నెల.
అందుకని నన్ను పిలిచావు.
కాంబాదోస్ ఒడ్డున సముద్రం వెనక్కి తగ్గిన వేళ
మోకాటిలోతు బురదలో గుల్లలు ఏరుకునే దాన్ని,
దాహమేస్తే తప్ప వైన్ ముట్టని దాన్ని.

ట్యాంకు కుళాయి తిప్పావు.
గ్లాసు చెమర్చింది.
రంగు చెప్పమన్నావు.
కళ్ళున్నాయిగా నీకు, అన్నాను.
అలవాటక్కా, అని నవ్వావు.

ముక్కున్న రోజుల్లో చీటీ మీద
నారింజ పూత అనీ తెల్ల పీచ్ పండు అనీ రాయించేవాడివి.
నాకు తెలిసినవే చెబుతాను, నచ్చకపోతే కొట్టెయ్.

ముందు,
వాన వెలిశాక మన గేటు ఇనపగడియ.
తర్వాత పచ్చి ఆపిల్.
కోసి పళ్ళెంలో పెట్టింది కాదు,
ఒక్క కొరుకు కొరికి, పళ్ళు పులిసి,
గోడ అవతలకి విసిరేసింది.
మింగాక చాలాసేపటికి
మస్సెల్స్ పెంచే తెప్పల తాడు,
ఎండలో ఆరీ ఆరనిది.

పెన్సిలు ఆపేశావు.
"తాడని రాస్తే ఎవడు కొంటాడక్కా?"
వాసన అడిగావు, చెప్పాను.
అబద్ధం కావాలంటే ముందే అడగాల్సింది.

మూడో ట్యాంకు దగ్గర నా నోరు పెగల్లేదు.
గ్లాసు దగ్గరికి తేగానే
అగ్గిపుల్ల ఆర్పిన వాసన.
ఏడాది కష్టం.
నువ్వు గ్లాసును కాదు, నా మొహాన్ని చూస్తున్నావు.
చెప్పేశాను.

"తిప్పు," అన్నావు, "గ్లాసు తిప్పు, ఇంకా.
మూతేసి ఉంచాం కదా,
ఊపిరాడక అలా అంటుంది."
తిప్పాను, మణికట్టు నొచ్చేదాకా.
పోయింది.

పోయిన జనవరిలో అద్దానికి ఇవతల నిలబడి
నీ ఛాతీ లేచిపడటం లెక్కపెట్టిన రాత్రి గుర్తొచ్చింది.
అది మాత్రం చెప్పలేదు.

ఇక తిండి.
చెక్కపళ్ళెంలో ఆక్టోపస్, పైన ఎర్రటి మిరపపొడి.
కారం వైన్‌ని తొక్కేసింది,
గ్లాసులో నీళ్ళు మిగిలినట్టయింది.
ఆవుపాల చీజ్ మెత్తగానే ఉంది గానీ
రెండూ మర్యాదగా పలకరించుకుని
ఎవరి దారిన అవి పోయాయి.

అప్పుడు పొద్దున్నే ఏరిన గుల్లలు పొయ్యి మీద పెట్టాను.
చుక్క నీళ్ళు పొయ్యలేదు.
మూత కింద, తమ నీళ్ళలోనే,
ఒక్కొక్కటీ నోరు తెరిచాయి.

నీ చెయ్యి దానంతటదే నిమ్మచెక్క అందుకుంది.
పట్టుకుని ఆపాను.
నిమ్మకాయ పిండకు.
నిమ్మకాయ గ్లాసులో ఉంది.

గుల్లొకటి, గుటకొకటి.
దవడల వెనక జివ్వుమంది.
ఉప్పు ఎక్కడ ఆగిందో పులుపు ఎక్కడ అందుకుందో
పట్టుకోలేకపోయాను,
మళ్ళీ తిన్నాను పట్టుకుందామని,
మళ్ళీ.

నువ్వూ తిన్నావు.
వాసన పోయినా నాలుక మీద ఉప్పూ పులుపూ ఉంటాయి,
జ్వరానికి వాటి జాడ తెలియలేదేమో.
చాలాసేపు నమిలావు.
"రాయి," అన్నావు.

ఏ రాయో అడగలేదు.
ద్రాక్షపందిరి కింద రాతిస్తంభం.
పొగమంచు దానిమీద ఉప్పు పూసి పోతే
నీకు ఏడేళ్ళప్పుడు
చెరోవైపూ నిలబడి నాకాం.
అవ్వ చీపురు తిరగేసి ఇద్దర్నీ వాయించింది.

చీటీ మీద ఏదో రాసుకున్నావు,
అరచెయ్యి అడ్డం పెట్టి, బళ్ళోలాగా.
గిన్నె అడుగున మిగిలిన గుల్లల నీళ్ళు
రొట్టెముక్కతో తుడిచి తిన్నావు.
నిమ్మచెక్క అంచులు ఎండుతున్నాయి.

మూడో ట్యాంకు గ్లాసు
ఇంకా నా చేతిలోనే ఉంది,
తిప్పుతూనే ఉన్నాను.